కల్లంలో కళ్లు మూసుకునే మనిషి

మార్చి నెల, సోమవారం సాయంత్రం. ఆర్మూర్ శివారులోని పసుపు కల్లంలో ఉన్నవారు: నేను, దుబాయ్ నుంచి తిరిగొచ్చిన మా పక్క చేను రైతు, ఆయన భార్య. ఆమె బీడీలు చుడుతుంది.

ఆయన మాటల కంటే కూర్చునే తీరే నాకు ఎక్కువ గుర్తు. పొద్దు వాలగానే ఆరబోసిన పసుపు పక్కన కళ్లు మూసుకుని, అరచేతులు తెరిచి కూర్చునేవాడు. ఆ వెలుగులో మనిషి, పసుపు, గాలి అన్నీ ఒకే రంగులో కరిగిపోయినట్టు ఉండేవి.

ఆ రోజు ఆయనకు మళ్లీ వీసా వచ్చింది. పోతాడో ఉంటాడో తెల్లారేసరికి ఏజెంటుకు చెప్పాలి.

"నేనెక్కడ అక్కరకొస్తనో చెప్పుమని దేవుణ్ని అడుగుతున్న సారూ. లోపల జర చూసుకుంటున్న," అన్నాడు.

"లోపల పొద్దటి జొన్నరొట్టె తప్ప ఏముంటది?" అంది భార్య, తునికాకు కత్తిరిస్తూ.

అంతలో మబ్బు కమ్మి చినుకులు మొదలయ్యాయి. నేనూ ఆమే పసుపు మీదికి టార్పాలిన్ లాగుతున్నాం. ఆయన కదలలేదు.

"దేవుడు వానై వచ్చిండు, జర కండ్లు తెరువు. గా మూల పట్టుకో, నువ్వు లేకుంటే ఎగిరిపోతది," అందామె.

ఆయన లేచి వెళ్లి ఆ మూల మీద బోర్లా పడుకున్నాడు. వాన వెలిసేదాకా అలాగే ఉన్నాడు. వీపంతా తడిసి, ముఖానికి పసుపు అంటుకుని, తనలో తానే నవ్వుకుంటున్నాడు.

మరునాడు పొద్దున ఏజెంటు ఫోన్ చేసినప్పుడు నేను కల్లంలోనే ఉన్నాను.

"గా వీసా ఇంకొకలకియ్యి భాయ్," అన్నాడాయన.

భార్య అప్పటికే తడిసిన కొమ్ములు ఏరుతోంది. కాస్త జరిగి, ఆయనకు చోటిచ్చింది.