గీత పక్కన కోయమన్న మామ

మొన్న శుక్రవారం పొద్దున మా మామ చనిపోయారు. ఇంక ఇంటికి తీసుకుపొమ్మని కడప ఆసుపత్రిలో చెప్పాక మైదుకూరికి తెచ్చుకున్న మూడో రోజు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయన్నారు. యాభై ఏళ్ళు రంపపు పొట్టు పీల్చిన మనిషి. మా వడ్రంగి కొట్టులో బీరువాలూ బల్లలూ చేయించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఈ సంగతి తెలియాలని, దీంతోపాటు ఇంకొకటి కూడా తెలియాలని రాస్తున్నాను.

ఆయన నాకు మామే కాదు, గురువు కూడా. ఆరేళ్ళ కింద వేంపల్లెలో తలుపులు దించి తిరిగి వస్తుంటే ఆటో బోల్తాపడి నా భర్త పోయాడు. మామకు ఒక్కడే కొడుకు. మూడు నెలలు కొట్టు తీయలేదు. నీటికాసులతో ఆయన చూపు అప్పటికే చాలావరకు పోయింది. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలిసేది, మొహం తెలిసేది కాదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగాను, "నాకు పని నేర్పు మామా" అని.

"ఆడమనిషి ఉలి పడితే ఊళ్ళో ఏమంటారు మ్మా?"

"ఊళ్ళోవాళ్ళు ఈడికొచ్చి మన పొయ్యి రాజేస్తారా మామా?"

మర్నాడు కొట్టు తాళం నా చేతిలో పెట్టారు.

మా కొట్టుకు పేరు తెచ్చినవి సొరుగులు. ఇప్పుడు ఎక్కడ చూసినా మేకులు కొట్టి, బంక పూసి అయిందనిపిస్తారు. మామ సొరుగులో మేకు ఉండదు. ఒక పలక చివర పావురం తోకలా విచ్చుకున్న పళ్ళు కోసి, రెండో పలకలో వాటికి సరిగ్గా సరిపోయే గూళ్ళు ఉలితో తొలిచి, ఒకదానిలో ఒకటి కూరుస్తారు. డవ్‌టెయిల్ అంటారు. ఎన్నేళ్ళు లాగినా మూల విడిపోదు.

"గీత మీద కోయొద్దు మ్మా, గీత పక్కన కొయ్యి. కోసినాక గూడా గీత కనపడాల" అనేవారు. తనకు కనపడని ఆ గీతను గోటితో తడిమి, రంపం ఎక్కడ లోపలికి తిన్నదో చెప్పేవారు. "సుత్తి దెబ్బకు దూరేది కాదు, చేత్తో ఒత్తితే పోవాల" అనేవారు. నాలుగు నెలలు వేప ముక్కలు పాడుచేశాను. ఒక మధ్యాహ్నం రెండు ముక్కలూ చేతి ఒత్తుడుకే కలిశాయి. ఆయన ఆ మూలను రెండుసార్లు నిమిరి, "రేపు టేకు తీద్దాం" అన్నారు. అంతకు మించి మెచ్చుకోలేదు.

మరుసటి ఏడు చర్చివాళ్ళు తమ రిజిస్టర్లకు ఆరు సొరుగుల బీరువా చేయించుకున్నారు. మొదటి గీత నుంచి చివరి పన్ను దాకా నేను కోసిందే. తీసుకుపోవడానికి వచ్చిన పాస్టరుగారు ఒక సొరుగు బయటికి లాగి మూలలు చూసి, "చూపు తగ్గినా నీ చేతిలో పని తగ్గలేదు పెద్దాయనా" అన్నారు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. మామ నవ్వారు. "చేతికి కండ్లతో ఏం పనయ్యా" అన్నారు.

ఆ తర్వాత రెండు రోజులూ నేను మాట్లాడకుండానే అన్నం పెట్టాను. మూడో రోజు ఆయనే ఆ మాట ఎత్తారు. "ఆడది చేసిందంటే మళ్ళా ఎవరూ రారు మ్మా. అందుకే అట్ల అంటి."

"నేను చేసినానని చెప్పొద్దు మామా. నువ్వు చేసినానని అనకుండా ఉంటే చాలు."

ఆ తర్వాత కూడా ఆయన ముందు గదిలో కూర్చునేవారు, నేను వెనక గదిలో కోసేదాన్ని. ఎవరు మెచ్చుకున్నా తల ఊపేవారు. నాకు కోపం వచ్చేది. మళ్ళీ పొద్దున ఆయనే నా ఉలికి పదును పెట్టి ఇస్తుంటే ఆ కోపం ఏం చేసుకోవాలో తెలిసేది కాదు.

గురువారం పాస్టరుగారు చూడ్డానికి వచ్చారు. మామ ఆయన చెయ్యి పట్టుకున్నారు. "అయ్యా, ఆ సొరుగులు నేను చేసినవి కాదు" అన్నారు. ఊపిరి అందక ఆగి, "మా కోడలు..." అన్నారు.

పాస్టరుగారు ఆయన చేతిని నిమిరారు. "నువ్వే చేసినావు పెద్దాయనా. మాకు తెలీదా? నిమ్మళంగా పండుకో." నావైపు తిరిగి, "స్మారకం పోతాండాదమ్మా" అన్నారు మెల్లగా.

"కాదయ్యా, కాదు" అంటూ మామ లేవబోయారు. దగ్గు తెర వచ్చింది. ఆయన చెప్పేది నిజమేనని అప్పుడు నేను అనాల్సింది. పోతున్న మనిషి పేరును పాస్టరుగారి ముందు లాక్కున్నట్టు ఉంటుందనిపించి, నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను. నేను ఏమైనా అంటానేమోనని ఆయన నావైపు మొహం తిప్పారు. నేను గ్లాసు ఆయన నోటికి అందించాను. తెల్లవారేసరికి పోయారు. ఆయన చెప్పబోయి చెప్పలేకపోయిన మాట, నేను చెప్పని మాట, ఇక్కడ రాస్తున్నాను.

నిన్న కొట్టు ఊడుస్తుంటే ఆయన కూర్చునే పీట వెనక పాత తువ్వాలు మూట ఒకటి కనబడింది. విప్పితే వేప ముక్కలు, నేను కోసినవి కావు. నేను వంటకు ఇంటికి వెళ్ళిన మధ్యాహ్నాల్లో ఒక్కరే కూర్చుని కోసుకున్నట్టున్నారు. ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం. గూళ్ళు ఎక్కడెక్కడో పడ్డాయి. గీతలు ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. జతలు వెతికి కలిపి చూశాను, ఒక్కటీ కలవలేదు. అన్నిటికన్నా అడుగున ఉన్న ముక్క మీద, ఉలి జారిన గాటు పక్కన, ఎండి నల్లబడిన నెత్తుటి వేలిముద్ర ఉంది.