గుంతకు పోసిన నీళ్లు

ఆ రోజుల్లో రేడియో మాట్లాడుతుందని అందరికీ తెలుసు గానీ, దానికి దాహం వేస్తుందని నాలాంటి కొద్దిమంది దురదృష్టవంతులకే తెలుసు. అరవైల చివర్లో, అనంతపురం బయట రాళ్లూ కంపచెట్లూ తప్ప ఏమీ లేని మిట్ట మీద ఒక పొడవాటి ఇనుప స్తంభం, దానికి కొంత దూరంగా ఒక గది ఉండేవి. అదే మా ప్రసార కేంద్రం. పాటల మధ్య వ్యాపార ప్రకటనలు వెయ్యడం అప్పుడే మొదలైంది. కొత్తగా చేరిన ఆపరేటరుగా నేను చేసే పని గంటకొకసారి మీటర్లు చూసి పుస్తకంలో రాయడం, ఆవలించడం, మళ్లీ రాయడం. (ఆవలింతలు కూడా రాయమని ఉంటే నా అంత పనిమంతుడు ఉండేవాడు కాదు.) ఒక సబ్బు ప్రకటన రోజుకు ఏడుసార్లు వచ్చేది. నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు, ఆ వెనకే ఒకావిడ నవ్వు, ఆపైన నురగ గురించి నాలుగు మాటలు. ఏడోసారికి నాకు తలనొప్పి ఖాయం.

ఆ గది వెనక ఒక గుంత ఉండేది. యంత్రం నుంచి వచ్చే రాగి తీగను అందులో బొగ్గులూ ఉప్పూ వేసి పూడ్చారు. దాన్నే ఎర్తు అనేవాళ్లు. ఆ మన్ను ఎప్పుడూ తడిగా ఉండాలి. ఆరిపోతే ప్రసారంలో గుర్రుమని రొద మొదలవుతుంది, పైనుంచి మెమో వస్తుంది. అందుకని రోజూ పది బిందెల నీళ్లు గుంతలో పొయ్యాలని రూలు. నా ప్రొబేషన్ ఇంకా అయిపోలేదు. ఆ ఏడు మా నాయన వేసిన వేరుశెనగ చేలోనే ఎండిపోయింది. ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతంతోనే. కాబట్టి నేను ఆ గుంతకు చాలా భక్తిగా నీళ్లు పోయించేవాణ్ణి.

ఇబ్బందల్లా ఆ ఏడు ఎవరికీ నీళ్లు లేకపోవడమే. బుక్కరాయసముద్రం చెరువు నెర్రెలిచ్చింది. మా కేంద్రానికి నీళ్లు తోలే బండి భాయి ఎక్కడో బావిలో తోడుకుని, ఎద్దుల బండి మీద రెండు పీపాలు తెచ్చేవాడు. కంచె అవతల పల్లె పిల్లలు వరసగా నిలబడి, నేలకు నీళ్లు పోస్తుంటే చూసేవాళ్లు. అడిగేవాళ్లు కాదు, చూసేవాళ్లు అంతే. నాకు సిగ్గేసేది. తల తిప్పుకుని పుస్తకంలో 'పది బిందెలు పోయడమైనది' అని రాసేవాణ్ణి.

ఒకరోజు ఆ పిల్లల వెనక నుంచి ఒక అవ్వ వచ్చి గేటు పట్టుకుంది.

"ఏమప్పా, మీ రేడియో దినామూ నురగ నురగ అంటాది. మా పిల్లోల్లు నీళ్లు పోసుకుని నెల అయింది. ఒళ్లంతా గజ్జి. నువ్వేమో మన్నుకు పోస్తాండావు."

"రూలు అవ్వా. పోయకుంటే నా ఉద్యోగం పోతుంది."

"పొయ్యొద్దని ఎవరన్న్యారప్పా? గుంతకు నీళ్లు కావల్ల, అంతే కదా. యాడ నుంచి పడితే దానికేమి?"

నేను బండి భాయి వైపు చూశాను. ఆయన గడ్డం గోక్కుంటూ, "ముసలామె చెప్పేది సబబే ఉండాది సార్" అన్నాడు.

మర్నాటి నుంచి గుంత మీద ఒక బండ వేశాం. నీళ్లు పక్కకు పోకుండా పిల్లల్ని ఒక్కొక్కరినే దాని మీద కాళ్లు దగ్గరగా పెట్టించి నిలబెట్టి అవ్వ స్నానం చేయించేది. పది బిందెలూ పిల్లల నెత్తిన పడి, కాళ్ల మీదుగా గుంతలోకి దిగేవి. గదిలోంచి సబ్బు ఆవిడ నవ్వుతుంటే, ఇక్కడ అవ్వ కుంకుడు రసం కళ్లలో పోసిందని పిల్లలు ఏడ్చేవాళ్లు. నెల తిరిగేసరికి గజ్జి తగ్గింది. ఆ సబ్బు ఆవిడ నవ్వు వింటే నాకు తలనొప్పి రావడం కూడా మానేసింది.

ఆ సుఖంలో, ఏడాదికోసారి పైనుంచి వచ్చే తనిఖీ సంగతే మరిచిపోయాను. ఒక మధ్యాహ్నం జీపు దిగి, నెత్తి నుంచి బూట్ల దాకా ఎర్రమట్టి కొట్టుకుపోయిన కోస్తా ఆఫీసరు గది వెనక్కి నేరుగా వచ్చేశారు. బండ మీద ఒక పిల్లవాడు దిగంబరంగా నిలబడి ఆయనకు నమస్కారం పెట్టాడు. ఆయన పెట్టెలోంచి మీటరు తీసి గుంతలోని తీగకు తగిలించి చూశారు. మళ్లీ చూశారు. నా కళ్ల ముందు నాయన మొహం, ఎండిపోయిన చేను కనిపించాయి.

"ఈ జిల్లాలో ఇంత మంచి ఎర్తు నేను చూళ్లేదయ్యా. రోజూ పది బిందెలూ పోస్తున్నావా?"

"పోస్తున్నాం సార్" అన్నాను. అబద్ధం కాదు గానీ నిజం అక్కడితో అయిపోలేదు. అందుకే, "మనుషుల మీద నుంచి పోస్తున్నాం" అన్నాను.

ఆయన నన్నూ, పిల్లవాణ్ణీ, చేతిలో చెంబు పట్టుకుని కదలకుండా నిలబడ్డ అవ్వనూ చూశారు. తర్వాత వంగి, చాలా అలసటగా, బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టారు.

"పొద్దుట్నుంచీ మొహం కడగలేదమ్మా. నేను దిగిన సర్కారు బంగళాలో కూడా నీళ్లు లేవన్నారు. ఒక చెంబు మిగిలిందా?"

"ఉండాది సారూ. బండ మీద నిలబడు. బయట పోసుకుంటే ఆ అబ్బోని ఉద్యోగం పోతాది" అంది అవ్వ.

ఆయన బుద్ధిగా బండెక్కారు. నెల రోజులకు నా ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. అదే కవరులో, కేంద్రం ఆవరణలో బయటివారి స్నానాలు నిషిద్ధమని ఇంకొక కాగితం కూడా ఉంది. ఆయన సంతకమే. (వానలు పడ్డాకే ఆ రెండోది నోటీసు బోర్డుకు అంటించాను.)

ఇప్పుడు మా ఇంట్లో కొళాయి తిప్పితే నీళ్లొస్తాయి. ఆ సబ్బును అన్నేళ్లు ఊరంతటికీ వినిపించానే గానీ, ఒక్కసారీ కొనలేదు. ఎలా ఉంటుందో నాకు తెలియదు. స్నానాల గదిలో మాత్రం ఈ వయసులో కూడా నీళ్లు ఎటు పోతున్నాయో వంగి చూస్తాను. తూములోకి పోతుంటాయి. కిందన ఏ గుంతా లేదని తెలిసి కూడా, కాళ్లు దగ్గరగా పెట్టుకునే నిలబడతాను.