గాలిమరలకు కోడి శకునం

వాగ్సెన్ తాత చేసేది క్యాబేజీ సాగు. కోడిని కోసి, కాలేయం పక్కనున్న పిత్తపు సంచి చూసి గతించిన పెద్దల మాట చెప్పడం కూడా మా ఊళ్లో ఆయనకే వచ్చు. సంచి నిండుగా ఉంటే పెద్దలు సరేనన్నట్టు, బక్కగా ఉంటే కాదన్నట్టు. కాదంటే ఇంకో కోడిని కోసి మళ్లీ అడగవచ్చు. మా పెద్దలు అంత మెత్తని మనుషులు.

ఈ వెసులుబాటు మనీలా నుంచి వచ్చిన ఇంజనీర్ డెల్ఫిన్‌కు తెగ నచ్చింది. ఆయన భూగోళాన్ని కాపాడే పని మీద ఉన్నాడు. అందుకు మా కొండ నెత్తిన పద్నాలుగు గాలిమరలు కావాలి, వాటిని మోసే లారీలకు రోడ్డు కావాలి. రోడ్డుకు అడ్డంగా నాచు పట్టిన అడవి ఉంది. మా తోటల నీటి ఊట అక్కడే పుడుతుంది. మ్యాపులో ఆ అడవిని ఆయన వేలిగోరుతో కప్పి చూపించాడు.

"ఇంతే కదా తాతా! పైగా గాలంతా ఊరికే పోతోంది."

"నీళ్లూ ఊరికే వస్తున్నాయి నాయనా. అవి ఆగిపోతాయనే మా భయం."

కరెంటు మాకూ కావాలి. తుఫాను వస్తే వారం రోజులు చీకటే. కానీ ఆ తీగలు మా ఇళ్ల మీదుగా మైదానానికి పోతాయట. చూసి ఆనందించవచ్చు.

చివరికి శకునం ఎటు చెబితే అటు అని ఊరూ కంపెనీ సంతకాలు పెట్టాయి. ఏం అడగాలో మాత్రం ఎవరూ రాయలేదు. కంపెనీ పన్నెండు కోళ్ల గంప దించింది.

"వీళ్లను పంపించేయమంటారా?" అని తాత కొండ భాషలో పెద్దలను అడిగాడు. ఆ భాష రాని డెల్ఫిన్ భక్తిగా టోపీ తీశాడు.

మొదటి పిత్తం బక్కగా ఉంది. ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

"ఇంకోటి కోయండి తాతా," అని డెల్ఫినే అందించాడు.

రెండోదీ అంతే. మూడు, నాలుగు కూడా అంతే. తాత కత్తి కింద పెట్టేశాడు. డెల్ఫిన్ ఆయన భుజం తట్టి ధైర్యం చెప్పాడు.

ఐదో పిత్తం నిగనిగలాడుతూ నిండుగా ఉంది. డెల్ఫిన్ చప్పట్లు కొట్టాడు.

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు నాయనా."

"అయితే పని ఎప్పుడు మొదలుపెట్టమంటారు?"

"పనేంటి? మిమ్మల్ని పంపించేయొచ్చా అనే కదా అడిగింది!"

డెల్ఫిన్ గంపలో మిగిలిన ఏడు కోళ్ల వైపు చూశాడు. "పోనీ, ఇంకొక్కటి..."

"మంచి శకునం వచ్చాక మళ్లీ అడగకూడదు. పెద్దలకు కోపమొస్తుంది. కూర ఉడుకుతోంది, తిని వెళ్లండి."

డెల్ఫిన్ తిన్నాడు. ఉప్పు తక్కువైందన్నాడు.