బి. ప్రభావతి రాయని వ్యాసం

అబిడ్స్‌లో జీపీవో వెనక సందులో బాలకిషన్‌ది టైపింగ్ షాపు, దాని పక్కనే నాది బైండింగ్ షాపు. పీహెచ్‌డీ పిల్లల థీసిస్ అతని దగ్గర కాగితం మీదికెక్కి, నా దగ్గర రెగ్జిన్ అట్ట తొడుక్కుని యూనివర్సిటీకి పోతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

బాలకిషన్ ఇంటర్ దాటలేదు. అయినా థీసిస్ చివర వచ్చే రిఫరెన్సుల జాబితా, అంటే ఏ మాట ఎవరి వ్యాసంలోంచి తెచ్చుకున్నారో చెప్పే పట్టీ, అతను చేశాడంటే ప్రొఫెసర్లు కూడా వేలు పెట్టరు. ఒక పత్రికకు సంవత్సరం రాసినవారి పేరు పక్కనే ఉండాలి, ఇంకో పత్రికకు చిట్టచివర ఉండాలి. ఒకరికి పత్రిక పేరు వాలు అక్షరాల్లో కావాలి, ఒకరికి వద్దు. అవన్నీ అతనికి నోటికొచ్చు. కామా పక్కన ఖాళీ ఎక్కువైతే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెడతాడు. "సబ్జెక్టు మీది, కామా నాది" అని పిల్లలతో గొప్పగా అంటాడు. ఆ గర్వం చూస్తే నాకు ఒళ్లు మండేది. లోపల ఏముందో ఒక్క ముక్క చదవడు మరి. నేను చదివేవాణ్ణా అంటే, నేనూ చదవను. నా పని అట్టలతో.

పోయిన జూన్‌లో కృపాజ్యోతి వచ్చింది. మెదక్ పిల్ల, చెరువుల మీద పరిశోధన చేస్తోంది. ఒక వ్యాసం పత్రికలో అచ్చుకు ఒప్పుకుంటే తప్ప థీసిస్ తీసుకోనని ఆమె గైడు షరతు పెట్టాడు. నెలాఖరే గడువు, అది దాటితే ఆరేళ్ల చదువు గంగలో కలిసినట్టే. ఆ వ్యాసం రిఫరెన్సులు బాలకిషనే సరిచేసి పంపాడు. ఇప్పుడు పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది.

"ఇరవై మూడో నంబరు వ్యాసం ఎక్కడ దేవులాడినా దొరకలేదంట అంకుల్. పది రోజుల్ల దాని కాపీ పంపాలె, లేకపోతే వాపస్ చేస్తమంటున్రు" అంది.

"ఎందుకు దొరకదు బిడ్డా, నేను పెట్టిన లైను తప్పు పోదు" అంటూ బాలకిషన్ కళ్లద్దాలు పెట్టుకుని స్క్రీన్ మీదికి వంగాడు.

వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. గుండెపోటేమోనని నేను నీళ్ల సీసా కోసం పరిగెత్తాను.

"అన్నా, గిది మా ఇంటామె పేరు" అన్నాడు చివరికి.

ఆ లైనులో ఉన్నది ఇదీ: బి. ప్రభావతి, 1998, తెలంగాణ చెరువుల కింద నీటి పంపకం, ఏదో దక్కన్ జలవనరుల పత్రిక, పదకొండో సంపుటం. ప్రభావతి అతని భార్య. పదో తరగతి వరకు చదివింది. జన్మలో వ్యాసం రాయలేదు.

అతను తడబడుతూ చెప్పిందాన్ని బట్టి జరిగింది ఇది. కొత్తగా కంప్యూటరు కొన్న రోజులు, కొత్తగా పెళ్లయిన రోజులు కూడా. పద్ధతి మరిచిపోకుండా జాబితా అడుగున ఒక నమూనా లైను కొట్టి పెట్టుకున్నాడు. పేరు భార్యది, సంపుటం పెళ్లి తారీకు, విషయం ఆ వేళ బల్ల మీదున్న చెరువుల థీసిస్‌ది, పత్రిక ఉత్తుత్తిది. ప్రతిసారీ నమూనా తుడిచేశాకే జాబితాను అక్షరక్రమంలో పెట్టమని కంప్యూటరుకు చెప్పేవాడు. ఒక్కసారి తుడవకముందే చెప్పేశాడు. అడుగునుండాల్సిన ప్రభావతి పైకెళ్లి, పండితుల మధ్య తన వరసలో తాను కూర్చుంది. ఆ థీసిస్ చూసి ఇంకొకరు, అతన్ని చూసి మరొకరు, మక్కికి మక్కి దించుకున్నారు. గొర్రెలు కూడా అప్పుడప్పుడు పక్కకు చూస్తాయి, వీళ్లు చూడలేదు.

"మా సార్ గీ వ్యాసం చదివిన అన్నరు అంకుల్. ఇంట్ల ఎక్కడో ఉన్నదన్నరు. ఇది లేకుంటే చెరువుల మీద పరిశోధనే లేదన్నరు" అంది కృపాజ్యోతి. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకు నవ్వు రాలేదు, భయం వేసింది.

"లైను తీసేసి పంపుదాం" అన్నాడు బాలకిషన్ మెల్లగా.

"ఇప్పుడు తీసేస్తే దొంగ రిఫరెన్సు పెట్టిందని నా మీద రాస్తరు. నిజం చెప్పాలె అంకుల్."

నిజం చెబితే ముప్పై ఏళ్ల పేరు పోతుంది. అయినా జరిగిందంతా తానే ఉత్తరంలో టైపు చేసి పత్రికకు పంపాడు. పత్రికవాళ్లు బదులిచ్చారు: మీ మాట ఒక్కటే చాలదు, ఆ ప్రభావతి గారు కూడా అది తను రాయలేదని సంతకం పెట్టాలి.

కంగారు పడకండి, సంతకం దొరికింది, కృపాజ్యోతి వ్యాసం గడువులోనే గట్టెక్కింది. నేను మరిచిపోలేనిది ఆ సంతకం పెట్టిన పూట.

కాచిగూడలో వాళ్లింటికి అతను నన్నూ, కృపాజ్యోతినీ తోడు తీసుకెళ్లాడు. అప్పటికి తన పాత ఫైళ్లన్నీ వెతికి పెట్టుకున్నాడు. అతని చేతుల మీదుగా పోయిన నలభై ఒక్క థీసిస్‌లలో ఆ లైను ఉంది. అన్నీ అతను కొట్టినవే.

ప్రభావతమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మొత్తం విని చేయి ఆపింది. "నేనేం రాసిన్నంట అండ్ల?" అని కృపాజ్యోతిని అడిగింది.

"నీళ్లు పంచేటప్పుడు ఆడోళ్లను ఎవరూ అడగలేదని రాసిన్రంట ఆంటీ, పేరు చూసి ఎవరో అల్లిన మాట. ఒకాయన తన థీసిస్‌ల నాలుగు పేజీలు మీ మాట ఒప్పుకుంట రాసిండు. ఇంకొకాయన మీరు చెప్పింది తప్పని రాసిండు."

"నేను నోరు తెరవకుండనే తప్పయిందా?"

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, బాలకిషన్ కొట్టి తెచ్చిన ఉత్తరం రెండుసార్లు చదివి, తెలుగులో నిదానంగా సంతకం పెట్టింది. కాగితం కృపాజ్యోతికిచ్చి, భర్త వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది.

"ఎవరూ చదవలేదు సరే. మీరు నలభై ఒక్కసారి నా పేరు కొట్టిన్రు. ఒక్కసారన్న, గీమె నా పెండ్లామే గదా అనిపించలేదా?"

ఆమె చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.