అండీ లేని లేదు

మా వెర్నెలక్కకి ఊపిరి వినపడుతుంది. మాట కాదు, మాటకి ముందు వచ్చే ఊపిరి. మా ఊరు సైప్రెస్ బెండ్ చర్చిలో ఆమె ఆర్గాన్ వాయించేది. వాయిస్తూ వాయిస్తూ ఒక్కసారి చేతులాపి, వెనక్కి తిరక్కుండానే, "రెండో వరసలో ఎవరో పాడకుండా పెదాలు ఆడిస్తున్నారు, డివిట్ అయితే ఇప్పుడే ఒప్పుకో" అనేది. డివిట్ స్టోవాల్ తల వంచుకుని "నేనేనండీ" అనేవాడు. చర్చంతా నవ్వేది.

ఒక ఆదివారం అలా డివిట్ దొరికిపోయినప్పుడు వెనక బెంచీలో హోలిస్ రాగ్లండ్ గారు ఉన్నారు. ఒకప్పుడు షెరీఫ్ దగ్గర పనిచేసి, రిటైరయ్యాక లై డిటెక్టర్ పరీక్షలు చేసుకుంటున్న మనిషి. మా జిల్లా మొత్తానికి ఆ లైసెన్సు ఉన్నది ఆయనొక్కడికే. నా కాఫీ హోటలు మేడ మీద గదిలోనే ఆయన యంత్రం ఉండేది. కళ్ళు మసకబారుతున్నాయి, చార్టు మీద గీతలు జంటలుగా కనపడుతున్నాయి. తన తరవాత ఎవరని వెతుక్కుంటున్నారు. ప్రార్థన అయ్యాక మెట్ల మీద అక్కని ఆపి, "అమ్మాయ్, ఆ చెవుల్ని ఇక్కడ వృథా చేస్తున్నావు" అన్నారు. అక్కకప్పుడు నలభై దాటాయి. అమ్మాయ్ అని పిలిచినందుకే సగం ఒప్పుకుందని నా అనుమానం.

మా రాష్ట్రంలో తలకి రంగు వేయడానికీ లైసెన్సే, శవాన్ని అలంకరించడానికీ లైసెన్సే. అబద్ధం పట్టడానికి ఊరికే ఇస్తారా? అట్లాంటా వెళ్ళి స్కూల్లో చదవాలి. పోలీసు కేసు ఒక్కటీ ఉండకూడదు. తరవాత లైసెన్సున్న మనిషి చేతి కింద ఏడాది పని నేర్చుకోవాలి. ఆ ఏడాది నువ్వు ఏ తీర్పు రాసినా ఆయన సంతకం లేనిదే చెల్లదు. అదంతా అయ్యాక మా రాజధాని జాక్సన్‌లో బోర్డు ముందు పరీక్ష. దీనికి తోడు, మంచి నడవడి గల మనిషి అని ఊళ్ళో వాళ్ళు పూచీ పడాలి. పిలుపుకే అక్క, తోబుట్టువు కాదు గనక నా పూచీ చెల్లుతుందని అక్క నా దగ్గరికొచ్చింది.

"నా ఇనప మూకుడు పట్టుకెళ్ళి ఈస్టర్ నుంచీ తిరిగివ్వలేదు. ఏం నడవడని రాయనే?" అన్నాను.

"ఒసే లూడీ, మూకుడు సంగతి బోర్డు అడగదే. రాయి" అంది.

రాశాను. మూకుడు ఇప్పటికీ రాలేదు.

అక్క అట్లాంటా నుంచి వచ్చి మేడ మీద పని నేర్చుకున్న ఆ ఏడాది తలుచుకుంటే నాకంతా ఒకటే పొడుగాటి మధ్యాహ్నంలా ఉంటుంది. కింద నేను చేపలు వేయిస్తుంటాను. గుమ్మం బయట చేపల చెరువుల మీద ఎండ ఊగుతుంటుంది. నది మీద ఎక్కడో పడవ కూత పెడుతుంది, ఎంతసేపటికో మళ్ళీ పెడుతుంది. పైన ఫ్యాను తిరుగుతుంటుంది, యంత్రం కలాలు కాగితం మీద గీసుకుంటూ పోతుంటాయి. గొంతు వినపడదు కానీ ఆ గీకుడు వినపడేది. ఒక్కోసారి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. చేప మాడేది, తినేవాళ్ళు తిట్టేవాళ్ళు.

అక్క నేర్చుకున్న మొదటి సూత్రం ఒకటే. కుర్చీలో కూర్చున్న మనిషి "అవును" అనాలి, లేకపోతే "లేదు" అనాలి. వెనక తోకలు ఉండకూడదు. ఒక్క మాట ఎక్కువైనా ఊపిరి దారి తప్పుతుంది, కలం లేనిపోని కొండలు గీస్తుంది. అట్లాంటా పంతులు బల్ల గుద్ది మరీ చెప్పాడట. వాడు ఏ దేశంవాడో, వాడికి నాయనమ్మ ఉందో లేదో.

సెప్టెంబరులో లాఫ్టన్ గారి జిన్నింగ్ మిల్లు తగలబడింది. పట్టపగలు. పత్తి ఎంత మెత్తగా కాలుతుందో చూసినవాళ్ళకే తెలుసు, చప్పుడు ఉండదు. ఊరి మీద తెల్లటి నుసి సాయంత్రందాకా రాలుతూనే ఉంది. పిల్లలు చేతులు చాపి పట్టుకున్నారు. ఆ వేళ బేళ్ళు కట్టే చోట ఉన్నది డివిట్ ఒక్కడే. సిగరెట్టు వెలిగించాడు, అందుకే అంటుకుందన్నాడు లాఫ్టన్. ఎప్పుడో మానేశానన్నాడు డివిట్. యంత్రం ముందు కూర్చోబెడదాం, అది అబద్ధమంటే పని పోవడమే కాదు, కోర్టుకి ఈడుస్తానన్నాడు లాఫ్టన్.

అది అక్కకి ఆఖరి కేసు. హోలిస్ గారు ముందే చెప్పేశారు. "ఇది పద్ధతిగా చెయ్యి, సంతకం పెడతాను. ఈ నెలాఖరుకి జాక్సన్‌లో పరీక్ష రాస్తావు. ఏడాది చివర నా లైసెన్సు గడువు అయిపోతుంది. ఈ కళ్ళతో మళ్ళీ తీసుకోను, మెంఫిస్‌లో మా తమ్ముడి దగ్గరికి పోతాను. నీకు నేర్పేవాడు ఇంకొకడు ఈ చుట్టుపక్కల లేడు. ఇప్పుడైతే అయినట్టు, లేకపోతే లేనట్టే."

డివిట్ ఛాతీకి గొట్టం కట్టారు, చేతికి పట్టీ బిగించారు, వేళ్ళకి రేకులు తగిలించారు.

"అవును, లేదు. అంతే. అర్థమైందా డివిట్?"

"అయిందండీ."

"అదిగో మళ్ళీ. అండీ వద్దన్నానా?"

"వద్దన్నారండీ."

అక్కకి నవ్వొచ్చింది, కానీ ఆపుకుంది. చెప్పి చెప్పి, ఒట్టి మాట పలకడం వాడికి నేర్పింది. తరవాత అడిగింది. నీ పేరు డివిట్ స్టోవాలా? అవును. ఇవాళ మంగళవారమా? అవును. కలాలు నిద్రలో ఉన్నట్టే ఉన్నాయి. ఆ రోజు మిల్లులో సిగరెట్టు వెలిగించావా? లేదు. కలాలు ఎగిరాయి. ఇంకెవరైనా వెలిగించడం చూశావా? లేదు. మళ్ళీ ఎగిరాయి. ఎన్నిసార్లు అడిగినా అంతే.

హోలిస్ గారు భూతద్దం పెట్టి చూశారు. "అవును దగ్గర నిద్ర, లేదు దగ్గర గుర్రం. ఇంతకంటే తేటగా ఏ చార్టూ ఉండదమ్మాయ్. రాసెయ్" అన్నారు. అక్క రాసింది, అబద్ధం చెప్పాడని. కిందికొచ్చి నా ముందు కూర్చుని, నేను పెట్టిన పీచ్ పళ్ళతో చేసిన కాబ్లర్ ముట్టుకోలేదు. "నాకు ఊపిరిలో అబద్ధం వినపడలేదే లూడీ. కానీ కాగితం మీద ఉంది" అంది. నా ఒళ్ళు మండింది. వాణ్ని ఎత్తుకు తిరిగినదాన్ని నేను. "కాగితం తగలెయ్యి" అన్నాను.

హోలిస్ గారికొక అలవాటు ఉంది. ఆఖరి సంతకం పెట్టే ముందు, నేర్చుకున్న మనిషిని అదే కుర్చీలో కూర్చోబెట్టి తానే పరీక్ష చేసేవారు. అవతలివాళ్ళ పాట్లు తెలియాలిగా. మర్నాడు మధ్యాహ్నం నేను పైకి కాఫీ పట్టుకెళ్ళేసరికి అక్క కుర్చీలో ఉంది, తీగలన్నీ కట్టించుకుని. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను.

"నీ పేరు వెర్నెల్ ప్రూయిటా?"

"అవును."

"ఈ ఏడాదిలో ఏ చార్టు మీదైనా చేత్తో గీత దిద్దావా?"

"లేదు."

కలాలు ఎగిరాయి.

హోలిస్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ అడిగారు. లేదు. మళ్ళీ ఎగిరాయి. ఆ మసక కళ్ళు ఆమె వంక ఎలా చూశాయో చెప్పలేను. అక్క మొహం పాలిపోయింది.

"నేను దిద్దలేదండీ!" అని అరిచింది. "ఒట్టు, దిద్దలేదండీ!"

అరుపుకి కలాలు ఒక్కసారి ఊగి, తరవాత మెల్లగా దిగి, సర్దుకుని, సాపుగా పోసాగాయి. ముగ్గురం ఆ కాగితాన్నే చూస్తున్నాం. అది కదులుతూనే ఉంది.

"సబ్బు," అంది అక్క ఎక్కడో ఉన్నట్టు.

"ఏం సబ్బే?"

"మా నాయనమ్మ బట్టల సబ్బు. పెద్దవాళ్ళ మొహం మీద ఒట్టి లేదు అంటే నోట్లో పెట్టి తోమేది. అవును అంటే ఓ కసురు కసిరి వదిలేసేది, మాట విన్నట్టేగా. లేదు అంటే ఎదురు చెప్పినట్టు. హోలిస్ గారూ, మిమ్మల్ని చూస్తూ లేదు అంటుంటే ఆ సబ్బు రుచి నాలిక మీదికొచ్చిందండీ." ఆగి, నా వైపు తిరిగింది. "లూడీ, డివిట్‌ని పెంచిందెవరే?"

"ఇంకెవరు, వాళ్ళ నాయనమ్మే. అండీ మరిస్తే చీపురు తిరగేసి కొట్టేది," అన్నాను. అంటుంటేనే నాకూ అర్థమైంది. కాఫీ కప్పు కింద పెట్టేశాను.

హోలిస్ గారు ఆ కాగితాన్ని బల్ల మీద పరిచారు. తరవాత అన్నారు, "అండీ అననిస్తే ఊపిరి గీత పాడవుతుంది, అననివ్వకపోతే గుండె గీత పాడవుతుంది. ఎలా అడుగుతావు?"

అక్క కళ్ళు మూసుకుంది. పాట మొదలెట్టే ముందు చర్చిలో పాడేవాళ్ళ వైపు ఎత్తే చెయ్యి అలాగే గాలిలోకి లేచింది. "నోరు తెరవనివ్వను. మనసులో చెప్పుకోమంటాను. అట్లాంటాలో ఒకసారి చెప్పారు, మూగ పరీక్ష అని."

"చెప్పే ఉంటారు. బోర్డు దాన్ని నేర్చుకునేవాళ్ళ ఖాతాలో వెయ్యదు," అన్నారాయన. "నిన్నటి చార్టు పద్ధతి ప్రకారం ఉంది. నిన్ను ఎవరూ తప్పు పట్టరు. అది తీసేస్తే ఆఖరి కేసు లేనట్టే, పరీక్షా లేనట్టే. ఆలోచించుకో."

"డివిట్‌ని పిలవండి," అంది అక్క.

వాడొచ్చాడు. కూర్చున్నాడు. కిటికీ రెక్క సగం వేశారు. "నోరు విప్పకు నాన్నా," అంది. "నేను అడుగుతాను. నీ లోపల నువ్వు చెప్పుకో, నీకెలా చెప్పాలనుంటే అలా." అడిగింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. ఆమె అడిగిన ప్రతి ప్రశ్న తరవాతా గది నిండా నిశ్శబ్దం ఉంది, నిశ్శబ్దంలో కలాలు మా చెరువు నీళ్ళలాగా కదిలీ కదలనట్టు కదిలాయి. ఒక్కసారి కూడా లేవలేదు.

తీగలు విప్పుతూ అడిగింది, "లోపల ఏమన్నావురా?"

"లేదండీ అన్నానండీ," అన్నాడు.

అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. హోలిస్ గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అక్క తన తీర్పు కొట్టేసి, పొరపాటు నాది, ఈ మనిషి నిజం చెప్పాడు అని రాసింది. ఆయన సంతకం పెట్టారు. లాఫ్టన్ గొణిగాడు, తిట్టాడు, చివరికి కొత్త మిల్లు కట్టాక వాణ్నే పిలిచాడు. ఆ నెలాఖరున జాక్సన్ బస్సు అక్క లేకుండా పోయింది. చలికాలానికి హోలిస్ గారు మెంఫిస్ వెళ్ళిపోయారు. అక్క లైసెన్సు తగిలించడానికని గోడకి కొట్టిన మేకుకి ఇప్పుడు నా ఏప్రాన్ వేలాడుతోంది.

"బాధగా లేదా అక్కా?" అని అడిగానొకసారి.

"ఎందుకు లేదు? ఉంది," అంది. "చాలా ఉంది."

మొన్న ఆదివారం చర్చిలో ఆమె పక్కనే నిలబడి పుస్తకం పేజీలు తిప్పుతున్నాను. పొగమంచు కిటికీలదాకా వచ్చి ఆగింది. పాట నడుస్తోంది. రెండో వరసలో డివిట్, యథాప్రకారం, పెదాలు మాత్రం ఆడిస్తున్నాడు. నేను వంగి ఆమె చెవిలో అన్నాను, "అదిగో దొంగ, పాడట్లేదు. పట్టుకోవూ?"

ఆమె చేతులు ఆగలేదు.

"పాడుతున్నాడే లూడీ. నాకు వినపడుతోంది," అంది.