లేని దేశానికి ఇరవై మార్కులు

1992 జూన్. సికింద్రాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో నేను రాజనీతిశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు. మాది గుంటూరు వైపు. ఉద్యోగం వచ్చాక పద్మారావు నగర్‌లో ఇల్లు తీసుకుని ఇక్కడే ఉండిపోయాం. బి.ఎ. మూడో సంవత్సరంలో 'ఆధునిక ప్రభుత్వాలు' అనే పేపరు నాది. బ్రిటన్, అమెరికా, స్విట్జర్లాండ్, సోవియట్ యూనియన్ రాజ్యాంగాలు అందులో పాఠాలు. సోవియట్ యూనియన్ ఆర్నెల్ల కిందటే పదిహేను దేశాలుగా విడిపోయింది. సిలబస్ మాత్రం మారలేదు. బోర్డ్ ఆఫ్ స్టడీస్, అంటే పాఠాలు నిర్ణయించే కమిటీ, కూర్చుని మార్చేదాకా పాతదే చెప్పాలి. నిజం చెప్పొద్దూ, నాకూ అదే సుఖంగా ఉంది. నా నోట్స్ పసుపెక్కిపోయినా, ఎక్కడ ఆగి మంచినీళ్లు తాగాలో కూడా నాకు కంఠతా వచ్చు.

ఆ రోజు సుప్రీం సోవియట్, అంటే వాళ్ల పార్లమెంటు గురించి డిక్టేట్ చేస్తున్నాను. "సుప్రీం సోవియట్ ఆ దేశంలో అత్యున్నత అధికార సంస్థ" అన్నానో లేదో, మూడో బెంచీలోంచి సువర్ణ లేచింది. బోయిగూడ నుంచి వచ్చే పిల్ల. తండ్రికి అక్కడ పాత పేపర్లు కొనే దుకాణం ఉంది.

"మేడమ్, ఆ దేశం ఇప్పుడు లేదు గద మేడమ్? పోయిన డిసెంబర్ల సుప్రీం సోవియటే కూసోని, మా దేశం ఇగ లేదని తీర్మానం చేసింది. అదే దాని ఆఖరి పని."

క్లాసంతా పెన్నులు ఆపి నావైపు చూసింది. ఆ తీర్మానం సంగతి నాకు తెలియదు. అది పైకి తెలియకూడదని, "సరే, ముందు చెప్పింది రాసుకో" అన్నాను.

మర్నాడు పురికొసతో కట్టిన పేపరు కత్తిరింపుల కట్ట తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఏడాది పొడవునా వచ్చిన వార్తలు, తేదీల వారీగా పేర్చినవి. "మా నాయన దుకాణంల ఏరినయి మేడమ్. మీకు పనికొస్తయేమో అని" అంది. ఎంత ఆశగా అందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

"తూకానికొచ్చిన కాగితాలు ఏరుకొచ్చి నాకు పాఠం చెప్తావా? పరీక్ష పెట్టేది మీ నాన్న కాదు, యూనివర్సిటీ" అన్నాను.

అందరూ గొల్లున నవ్వారు. నవ్వించాలనే అన్నాను కూడా. సువర్ణ తలదించుకుని కూర్చుంది. ఆ తర్వాత నా క్లాసులో మళ్లీ లేవలేదు. ఆ కట్టను తీసుకెళ్లి స్టాఫ్‌రూమ్ బీరువాలో పడేశాను.

మరుసటి వేసవిలో స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లాను. లెక్చరర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి జవాబు పత్రాలు దిద్దించడాన్నే అలా అంటారు. పేర్లూ నంబర్లూ కనిపించవు. మా కాలేజీ పేపర్లు మాకు రాకూడదు, కానీ కట్టలు కలిసిపోయిన రోజులవి. ఓ పేపరు తెరవగానే సువర్ణ నిటారు అక్షరాలు గుర్తుపట్టాను. సుప్రీం సోవియట్ నిర్మాణం గురించి ఇరవై మార్కుల ప్రశ్న. నిర్మాణం ఒక పేజీలో చక్కగా రాసి, తర్వాత మూడు పేజీల్లో ఆ దేశం ఎలా విడిపోయిందో, దాని ఆఖరి తీర్మానమేమిటో రాసింది. దానికే టైమంతా అయిపోయిందేమో, చివరి ప్రశ్న వదిలేసింది.

మా చేతిలో స్కీమ్ ఉంటుంది. ఏ పాయింటుకు ఎన్ని మార్కులో చెప్పే కాగితం అది. దాని ప్రకారం చూసినా, ఆ మొదటి పేజీకే ఎనిమిది మార్కులు రావాలి. నేను మూడు వేశాను. మేం దిద్దినవి మళ్లీ సరిచూసే చీఫ్ ఎగ్జామినర్ అడుగుతాడన్న భయంతో వేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. భయమూ కాదు, పాడూ కాదు. అంత చెప్పినా వినలేదన్న కసి.

ఆ పేపరు సువర్ణ నాలుగు మార్కులతో తప్పింది. మిగతా పేపర్లన్నీ పాసైంది. అంతర్జాతీయ సంబంధాలు చదవాలని ఎం.ఎ. ప్రవేశ పరీక్ష రాస్తే అందులో ర్యాంకు కూడా వచ్చింది. డిగ్రీ పూర్తయితేనే సీటు. మెమో పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది.

"మేడమ్, నేను రాసినదాంట్ల తప్పేముందో జెర చెప్పుండ్రి. మల్ల ఆ తప్పు చెయ్య."

ఆ మూడు వేసింది నేనేనని అప్పుడే చెప్పేయొచ్చు. రీవాల్యుయేషన్‌కు పెట్టమని దగ్గరుండి రాయించొచ్చు. రెండూ చెయ్యలేదు. "తప్పని కాదమ్మా. నోట్స్‌లో ఉన్నంతవరకే రాయాలి. ఎక్కువ తెలివి చూపిస్తే మార్కులు రావు" అన్నాను.

"అయితే, ఆ దేశం ఉన్నట్టే రాయాల్నా మేడమ్?"

"అలాగే రాయి."

అక్టోబరు సప్లిమెంటరీలో అలాగే రాసి మంచి మార్కులతో పాసైంది. ఎం.ఎ. సీటు అప్పటికే ఇంకెవరికో వెళ్లిపోయింది. ఆ నెల సంస్కారపు ఆదివారం మా చర్చిలో, తప్పులు ఒప్పుకుని రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి అందరూ లేచి ముందుకు వెళ్తుంటే నేను బెంచీ మీదే కూర్చుండిపోయాను. ఒంట్లో బాగాలేదని ఇంట్లో చెప్పాను.

మరో ఏడాదికి సిలబస్ మారింది. కొత్త పాఠానికి తెలుగులో పుస్తకం లేదు. నేను బీరువా తెరిచి సువర్ణ కట్ట బయటికి తీశాను. నా కొత్త నోట్స్ మొత్తం ఆ కత్తిరింపుల్లోంచే తయారైంది. పక్క కాలేజీ వాళ్లు కూడా అడిగి తీసుకున్నారు. ఎవరికీ ఆ పిల్ల పేరు చెప్పలేదు.

ఓ సాయంత్రం ఆ కట్ట తిరిగిచ్చి, జరిగింది చెప్పేద్దామని బోయిగూడ వెళ్లాను. దుకాణంలో తండ్రి ఒక్కడే ఉన్నాడు. నేనెవరో చెప్పగానే లేచి, తన కుర్చీ తుడిచి నాకు వేశాడు.

"మా సువర్ణ వాళ్ల మేడమా! కూసోండమ్మా. బిడ్డ బొల్లారంల ప్రైవేటు స్కూల్ల సోషల్ చెప్తున్నది. మీ మాటే పట్టుకున్నది. పుస్తకంల ఉన్నదే రాయాలె, ఎక్కువ తెలివి చూపొద్దు అని బడి పిల్లలకు సుత గదే చెప్తదట. మీరు గట్ల చెప్పబట్టే పాసైన అంటది."

చెప్దామనుకున్నది చెప్పలేదు. కట్ట చేతికిచ్చాను. "గివి పాతయే గదమ్మా, గింత దూరం మోసుకొచ్చిండ్రు" అని నవ్వి, మిగతా కాగితాల మీద పెట్టాడు. ఆయన తెప్పించిన చాయ్ తాగి వచ్చేశాను.

తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి వేసవీ పేపర్లు దిద్దాను. స్కీమ్‌లో లేనిది ఎవరు రాసినా ముందు అదే చదివేదాన్ని, నిజమైతే మార్కులు వేసేదాన్ని. చీఫ్ ఎగ్జామినర్లు ఎన్నిసార్లు పిలిచి అడిగినా జవాబు చెప్పుకున్నాను. కానీ నా మాట నమ్మిన ఒక్క విద్యార్థిని ఏటా ఓ క్లాసు నిండా పిల్లలకు అదే నేర్పుతోంది. బొల్లారం వెళ్లే బస్సు నంబరు నాకు తెలుసు. ఇంతవరకూ ఎక్కలేదు.