ఎండాకాలాల వేలం

మా పాస్టరమ్మగారు ప్రభువునందు నిద్రించారని మొన్న శుక్రవారం పొద్దున్నే కబురు వచ్చింది. కబురు తెచ్చిన చేపల అక్క, ఏడుస్తూనే, వెళ్ళే దారిలో తన కానుగ చెట్టుకు ఒక బిందె నీళ్ళు పోసి వెళ్ళింది. ఇది అర్థం కావాలంటే మీకు మా వేలం సంగతి చెప్పాలి.

బోగోలు దాటాక సముద్రం ఒడ్డున మా ఊరు. చర్చి వెనక చర్చిదే ఇసుక దిబ్బ, దాని చివర సమాధుల తోట. పాస్టరుగారు పోయాక కూడా అమ్మగారు ఊరు వదల్లేదు. దిబ్బ మీద ఎప్పుడూ సరుగుడు వేసేవాళ్ళం, ఎదగ్గానే కొట్టి అమ్మేవాళ్ళం. చివరిసారి కొట్టినప్పుడు, ఇక అక్కడ ఎవరూ కొట్టని అడవిని పెంచుదామని ఆవిడ పట్టుబట్టారు. చర్చి పెద్ద ఒప్పుకోలేదు. సరుగుడు మాత్రం గాలిని శుభ్రం చేయదా అన్నారు.

“చేస్తాది అబ్బయా. గాలిలో బొగ్గంతా మింగతాది. నువ్వు కొట్టి పొయ్యిలో పెడితే మింగిందంతా కక్కేస్తాది,” అన్నారు అమ్మగారు.

ఇసుకలో మొక్క ఎవరైనా నాటుతారు. దాన్ని ఎండాకాలం దాటించడమే కష్టం. మా కోత పండుగకు గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్లు తెచ్చి చర్చి ముందు వేలం వేస్తారు. ఆ ఏడు అమ్మగారు పొన్న, కానుగ, నేరేడు, గంగరావి మొక్కలు తెచ్చిపెట్టారు. పాట డబ్బుతో కాదు, ఎండాకాలాలతో. ఎవరు ఎక్కువ ఎండాకాలాలు నీళ్ళు పోస్తానంటే మొక్క వాళ్ళది. చర్చికి రాని రైతులు కూడా పంతానికి పోయి పాడారు. నేను మూడు ఎండాకాలాలకు నేరేడు పాడుకున్నాను. చర్చి పెద్ద మొహమాటపడి, ఒక్క ఎండాకాలానికి పొన్న పాడుకున్నారు.

ఆ తర్వాత మాకు సుఖం లేదు. ఆవిడ చెప్పులు చంకలో పెట్టుకుని దిబ్బంతా తిరిగేవారు. మొక్క మొదట్లో ఇసుకలోకి వేలు గుచ్చి చూసేవారు. పొడిగా తగిలితే ఆదివారం మమ్మల్ని పలకరించేవారు కాదు. అంతకంటే తిట్టినా బాగుండేది. మేకలకు భయపడి మొక్కమొక్కకూ కంప కట్టించారు గానీ, దిబ్బ చుట్టూ కంచె మాత్రం పడనివ్వలేదు. చేపల గంపలతో ఆడవాళ్ళు నడిచే దారిని అలాగే ఉంచి, అటూ ఇటూ నాటించారు. మనిషి రాని చోట చెట్టు ఎండితే ఎవరు చూస్తారు అనేవారు.

ఇప్పుడు ఆ దారిలో నిలబడితే సముద్రం వినబడుతుంది గానీ కనబడదు. తేనెటీగలు పట్లు పెట్టాయి, గువ్వలు చేరాయి. మొదటిసారి ముంగిస కనబడ్డ రోజు, మనవడు పుట్టినట్టు వీధంతా తిరిగి చెప్పుకున్నారు ఆవిడ. పాడుకున్న ఎండాకాలాలు ఎప్పుడో అయిపోయాయి, నీళ్ళు పోయడం మాత్రం ఎవరం మానలేదు. అంత మొండిమనిషిని నేను మళ్ళీ చూడను. చివరి రోజుల్లో ఆవిడకు ఒకటే బెంగ. తాను పోయాక మొదటి కొమ్మ ఎవరు కొడతారో, ఒక్కటి పడితే మిగతావీ నిలవవని.

శనివారం పెట్టెను భుజాలకెత్తుకుని ఆ దారిలోనే సమాధుల తోటకు బయలుదేరాం. సగం దూరం పోయాక ఒక కొమ్మ అడ్డంగా వాలి ఉంది. పెట్టె పట్టదు. ఎవరో కత్తి అడిగారు, కత్తి వచ్చింది కూడా. ముందువైపు మోస్తున్న చర్చి పెద్ద తలెత్తి చూశారు. ఆయన ఒక్క ఎండాకాలానికి పాడుకున్న పొన్న అది.

“కొమ్మ మీద చెయ్యెయ్యబాకండి. పెట్టె దించండి,” అన్నారు.

భుజాల మీది పెట్టెను చేతుల్లోకి దించుకుని, నడుములు వంచి, కొమ్మ కింద నుంచి అమ్మగారిని తీసుకుపోయారు. వెనక వస్తున్న మేము, ఆ కొమ్మ తలకు తగిలేంత ఎత్తు లేనివాళ్ళం కూడా, అక్కడికి రాగానే వంగి నడిచాం.